ఇవ్వడానికి ముందు చూద్దాం: ప్రత్యేక అవసరాలున్న పిల్లల ప్రస్తుత సామర్థ్యాల మదింపు



అల్లాహ్ దయవల్ల, మీ అందరి సహకారంవల్ల మన సొసైటీ మరో ఏడాది పూర్తిచేసుకుంది. మీరిచ్చిన జకాత్, సదకా సొమ్ము ఫీజులుగా, పుస్తకాలుగా, మందులుగా ఎక్కడెక్కడికి చేరిందో ఈ సంచికలోని లెక్కల పేజీల్లో చూస్తారు. విద్యా విభాగంలో పనిచేస్తున్న ఉపాధ్యాయులం మేము ఆ లెక్కల్లో కనిపించని ఒక విషయాన్ని మీ ముందు పెట్టదలిచాం. ప్రత్యేక అవసరాలున్న బిడ్డకు ఏది ఇవ్వాలన్నా, ముందు ఆ బిడ్డకు ఈ రోజు ఏమేమి వచ్చో, ఎంత సాయంతో వచ్చో తెలుసుకోవాలి. ఆ పని చేయకుండా ఇచ్చిన సాయం ఎంత మంచి నియ్యత్‌తో ఇచ్చినా బిడ్డ దాకా చేరదు. ఈ సంగతి మేము పొరపాటు చేసి నేర్చుకున్నాం. కాబట్టి ముందుగా ఆ పొరపాటు చెప్పుకోవడం న్యాయం.

మేము చేసిన పొరపాటు

పదేళ్ల బాబు ఒకడు మూడో తరగతిలో ఉండేవాడు. తండ్రి తోపుడు బండి మీద పళ్లు అమ్ముతాడు. బాబుకు సదరం సర్టిఫికెట్ ఉంది. మేధోపరమైన వైకల్యం 75 శాతం అని అందులో రాసి ఉంది. తల్లి ఆ కాగితం కొంగున కట్టుకొని మా దగ్గరకు వచ్చింది. మేము ఆలస్యం చేయలేదు. బ్యాగు, పుస్తకాలు కొనిచ్చాం. సాయంత్రం ట్యూషన్ పెట్టించి రెండేళ్లు ఫీజు కట్టాం. ట్యూషన్ చెప్పే అమ్మాయి శ్రద్ధగలదే. రోజూ తెలుగు వాచకం ముందు పెట్టి పాఠం పలికించేది, ఎక్కాలు రాయించేది. బాబు చూసి రాసేవాడు. నోటు పుస్తకాలు నిండాయి, అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి. అవి చూసి మేమూ సంతోషించాం.

రెండేళ్ల తరువాత మా కోరికపై ఒక స్పెషల్ ఎడ్యుకేటర్ ఆ బాబును చూడటానికి వచ్చారు. ఆమె పుస్తకం తెరవలేదు. చాప మీద పది గోళీలు పోసి, "మూడు ఇవ్వు బాబూ" అన్నారు. ఇచ్చాడు. "నాలుగు ఇవ్వు" అన్నారు. గుప్పిట నిండా తీసి ఇచ్చాడు. మళ్లీ అడిగినా అంతే. పన్నెండో ఎక్కం రాసిన చేయి నాలుగు గోళీలు లెక్కపెట్టలేకపోయింది.

అప్పుడామె తండ్రిని అడిగారు: "బండి దగ్గర ఏం చేస్తాడు?"

"ఏముంది మేడమ్, కూర్చుంటాడు. మెత్తబడినవీ, మచ్చలు పడినవీ ఏరి పక్కన పెడతాడు. ఆ పని మాత్రం నాకంటే బాగా చేస్తాడు."

రంగు చూసి, తాకి చూసి మంచిదీ చెడ్డదీ వేరుచేయగల బిడ్డ అతను. వేరుచేయడం, జతచేయడం అన్నవి లెక్కలకు పునాది. రెండేళ్లలో మేము ఆ తండ్రిని ఆ ప్రశ్న ఒక్కసారి కూడా అడగలేదు. మీరు నమ్మి మా చేతికిచ్చిన సొమ్ము అమానత్. దాన్ని మేము కాజేయలేదు, వృథాగా ఖర్చుపెట్టామని ఎవరూ వేలెత్తి చూపలేదు. అయినా ఆ రెండేళ్లు బిడ్డ వయసులోంచి పోయాయి. సొమ్ము మళ్లీ పోగుచేయవచ్చు, పదేళ్ల వయసును మళ్లీ తేలేము.

సర్టిఫికెట్ చెప్పేది, చెప్పనిది

సర్టిఫికెట్ అక్కర్లేదని ఎవరూ అనుకోకూడదు. పింఛనుకు, బస్సు పాసుకు, స్కాలర్‌షిప్పుకు అదే ఆధారం. 1995 నాటి చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండగా, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాలను గుర్తించింది. ఆటిజం, చదవడం రాయడంలో వచ్చే ప్రత్యేక అభ్యసన వైకల్యాలు ఇప్పుడు అందులో ఉన్నాయి. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నట్టు ధ్రువీకరించిన పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు. కాబట్టి సర్టిఫికెట్ తీయించడంలో ఏ తల్లిదండ్రులూ వెనకాడకూడదు. అక్క పెళ్లికి అడ్డు వస్తుందని బిడ్డను దాచే ఇళ్లు మన బస్తీల్లో ఇంకా ఉన్నాయి. ఆ బిడ్డ హక్కు కూడా ఆ ఇంట్లోనే దాగిపోతుంది.

అయితే ఆ శాతం ఎలా వస్తుందో కూడా తెలుసుకోవాలి. 2018 జనవరిలో కేంద్ర ప్రభుత్వం ప్రచురించిన మార్గదర్శకాల్లో మేధోపరమైన వైకల్యానికి సామాజిక పరిణతి పరీక్షలో వచ్చిన అంకెనుబట్టి శాతం నిర్ణయించారు. అంకె 55 నుంచి 69 మధ్య ఉంటే 50 శాతం, 36 నుంచి 54 అయితే 75 శాతం, 21 నుంచి 35 అయితే 90 శాతం, 20 లోపు అయితే 100 శాతం. అంటే ఎన్నో వందల రకాల పిల్లలు కొద్దిపాటి గడుల్లో సర్దుకుంటారు. 75 శాతం ఉన్న ఇద్దరు పిల్లల్ని పక్కపక్కన కూర్చోబెట్టి చూడండి. ఒకరు చొక్కా తానే తొడుక్కుంటారు గాని మాట రాదు. ఇంకొకరు గలగల మాట్లాడతారు గాని గుండీ పెట్టుకోలేరు. కాగితం ఒకటే, పాఠాలు రెండు.

ఈద్‌కు బట్టలు కుట్టించేటప్పుడు దర్జీ పిల్లవాడి వయసు అడిగి ఊరుకోడు. టేపు తీసి భుజం, ఛాతీ, చేయి, పొడవు కొలుస్తాడు. సర్టిఫికెట్ చెప్పేది వయసులాంటి సంగతి. పాఠం కుట్టాలంటే టేపు కావాలి.

పరీక్షలు పుట్టింది కూడా అందుకే. 1905లో పారిస్‌లో ఆల్ఫ్రెడ్ బినే, థియోడోర్ సిమోన్ అనే ఇద్దరు కలిసి మొదటి ప్రజ్ఞా పరీక్షను తయారుచేశారు. మామూలు తరగతిలో వెనకబడుతున్న పిల్లల్ని గుర్తించి వారికి వేరుగా సాయం అందించాలన్నది ఆ పరీక్ష ఉద్దేశం. సాధనతో పిల్లల శక్తి పెరుగుతుందని బినే నమ్మాడు. సాయం కోసం పుట్టిన అంకె కాలక్రమంలో ముద్రగా మారింది. "వీడు 75 శాతం" అని బిడ్డ ఎదుటే అనడం మనమూ విన్నాం, కొన్నిసార్లు అన్నాం కూడా.

ప్రస్తుత సామర్థ్య స్థాయి అంటే ఏమిటి?

ప్రత్యేక విద్యలో ప్రతి బిడ్డకు విడిగా ఒక ప్రణాళిక రాస్తారు. దాన్ని వ్యక్తిగత విద్యా ప్రణాళిక అంటారు. అందులో మొదటి పేజీ ప్రస్తుత సామర్థ్య స్థాయి. బిడ్డ ఈ రోజున తన పనులు తాను చేసుకోవడంలో, కదలికల్లో, మాట్లాడటంలో, నలుగురితో మెలగడంలో, చదువులో, ఇంటి పనుల్లో, ఆటపాటల్లో ఎక్కడున్నాడో అందులో ఉంటుంది. తక్కిన పేజీలన్నీ దాని మీదే ఆధారపడతాయి.

ఈ పనికి మన దగ్గరే మంచి సాధనాలు తయారయ్యాయి. సికింద్రాబాద్‌లోని మనోవికాస్ నగర్‌లో 1984లో ఏర్పడిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థను ఇప్పుడు జాతీయ మేధో దివ్యాంగుల సాధికారత సంస్థ అంటున్నారు. అది 1992లో ప్రచురించిన ఒక మదింపు పట్టికలో పిల్లల నైపుణ్యాలకు సంబంధించి 7 రంగాలు, ఒక్కో రంగంలో 40 అంశాలు, మొత్తం 280 ఉన్నాయి. చెన్నైలో తయారైన మద్రాసు పద్ధతిలో 18 రంగాలు, ఒక్కోదాంట్లో 20 చొప్పున 360 అంశాలు. అన్నీ చిన్న చిన్న పనులే: గ్లాసు పట్టుకొని నీళ్లు తాగడం, పిలిస్తే తిరిగి చూడటం, నాణెం గుర్తించడం.

సికింద్రాబాద్ సంస్థ తయారుచేసిన మరో చెక్‌లిస్టు పాఠశాలల్లో ఎక్కువగా వాడుకలో ఉంది. అందులో ప్రతి పని ఎదుట వచ్చు, రాదు అని రెండే గడులు ఉండవు. ఆరు రకాలుగా గుర్తు పెడతారు:

1. స్వయంగా చేస్తాడు.
2. అప్పుడప్పుడు గుర్తు చేస్తే చేస్తాడు.
3. నోటితో చెబుతుంటే చేస్తాడు.
4. చేయి పట్టి చేయిస్తే చేస్తాడు.
5. ఎంత సాయం చేసినా చేయలేడు.
6. చేసే అవకాశం ఇంతవరకు రాలేదు.

చదువు చెప్పేవారికి బంగారంలాంటి సమాచారం రెండు, మూడు, నాలుగు గుర్తుల్లో ఉంటుంది. ఆ పనులే రేపటి పాఠాలు. మొదటి గుర్తు పడిన పనిని మళ్లీ నేర్పితే బిడ్డకు విసుగు. ఐదో గుర్తు పడిన పనిని పట్టుకొని వేలాడితే బిడ్డకూ గురువుకూ నిరాశ.

ఈ ఆరు గుర్తులు చూసినప్పుడు మాకు హజ్రత్ అబ్దుల్లాహ్ ఇబ్న్ ఉమ్మె మక్తూమ్ (రజి) గుర్తుకొస్తారు. ఆయన అంధులు. దివ్య ఖుర్ఆన్‌లో 80వ సూరా 'అబస' అవతరించిన సందర్భం ఆయనకు సంబంధించినదే. దైవప్రవక్త (స) ఆయనను హజ్రత్ బిలాల్ (రజి)తో పాటు మదీనాలో ముఅజ్జిన్‌గా నియమించారు. తాను ప్రయాణమై వెళ్లినప్పుడు కొన్నిసార్లు మదీనా బాధ్యత కూడా ఆయనకు అప్పగించారు. ఫజ్ర్ వేళ అయిందని ఎవరైనా చెబితే ఆయన అజాన్ ఇచ్చేవారని హదీసుల్లో ఉంది. తెల్లవారడం ఆయన చూడలేరు. గొంతు ఉంది, జ్ఞానం ఉంది, విశ్వాసం ఉంది. కావలసిన సాయం ఒక్క మాట. ఆ ఒక్క మాట సాయం ఏర్పాటుచేసి అంత గొప్ప బాధ్యత అప్పగించారు. చూపులేని వ్యక్తికి ఏమి ఇవ్వాలో తెలియాలంటే ముందు ఆయనకు ఏమి ఉందో చూడాలన్న పాఠం మాకు ఇందులో కనిపిస్తుంది.

వుజూతో ఒక ఉదాహరణ

పెద్ద పనిని చిన్న మెట్లుగా విడదీసి ఒక్కో మెట్టు దగ్గర బిడ్డను చూడటం మదింపులో ముఖ్యమైన పద్ధతి. మన ఇళ్లలో రోజూ జరిగే వుజూనే తీసుకుందాం. పన్నెండేళ్ల బాబు గురించి తల్లి, "వాడికి వుజూ రాదు సార్, నేనే చేయిస్తాను" అంది. మేము కుళాయి దగ్గర నిలబడి చూశాం.

కుళాయి తిప్పడం: స్వయంగా. చేతులు మణికట్టు దాకా కడగడం: స్వయంగా, అయితే మూడుసార్లకు బదులు ఆపకుండా కడుగుతూనే ఉన్నాడు. పుక్కిలించడం: స్వయంగా. ముక్కు శుభ్రం చేయడం: చేయి పట్టి చేయించాలి. ముఖం కడగడం: స్వయంగా. మోచేతుల దాకా కడగడం: కుడి చేయి సరే, ఎడమ చేయి గుర్తు చేయాలి. తలపై మసహ్: ముందు మనం చేసి చూపితే చేస్తాడు. పాదాలు కడగడం: స్వయంగా, చీలమండ వెనక భాగం మాత్రం చెప్పాలి.

తల్లి ఆశ్చర్యపోయింది. "రాదు" అన్న పనిలో సగానికిపైగా అతనికి వచ్చు. నేర్పవలసినవి మూడు నాలుగు మెట్లు. "ఎన్నిసార్లు" అన్న సంగతి అర్థం కావాలంటే మూడు వరకు లెక్క కావాలి. అంటే అతని లెక్కల పాఠం కుళాయి దగ్గరే మొదలుపెట్టవచ్చు. వుజూ రాదు అన్న రెండు ముక్కల మాటతో ఇవేవీ బయటపడవు.

మదింపులో జాగ్రత్తలు

మొదటిది, కళ్లూ చెవులూ. బిడ్డ మాట వినడం లేదు, పాఠం అందుకోవడం లేదు అంటే ముందు చూపు, వినికిడి పరీక్ష చేయించాలి. ఒక పాపను బడిలో మొద్దు అని వెనక బెంచీలో కూర్చోబెట్టారు. వెనక కూర్చుంటే ఆమెకు అసలే వినపడని మాట ఇంకా వినపడకుండా పోయింది. చివరకు వినికిడి పరీక్షలో రెండు చెవుల్లోనూ లోపం తేలింది. ఆ పరీక్షకు పట్టింది ఒక్క పూట. దానికి ముందు పోయినవి మూడు తరగతులు.

రెండోది, భాష. ఇది మన పిల్లల విషయంలో మరీ ముఖ్యం. ఇంట్లో దక్కనీ ఉర్దూ, బడిలో తెలుగు, మదర్సాలో అరబీ అక్షరాలు. మామూలు పిల్లలు మూడింటినీ సర్దుకుంటారు. మేధోపరమైన ఇబ్బంది ఉన్న బిడ్డకు ఇంటి భాష ఒక్కటే గట్టిగా ఉండవచ్చు. పిల్లి బొమ్మ చూపి "ఇదేమిటి?" అంటే నోరు విప్పని పాప, "యే క్యా హై?" అనగానే "బిల్లీ" అంది. మొదటి ప్రశ్నతోనే ఆపితే బొమ్మలు గుర్తించలేదని రాసేవాళ్లం. బిడ్డకు ఏ భాషలో వచ్చో ఆ భాషలో అడగాలి, ఏ భాషలో అడిగామో కాగితం మీద రాయాలి.

మూడోది, అవకాశం. పద్నాలుగేళ్ల అమ్మాయి గురించి తల్లి ఏ పని అడిగినా "చేయలేదు" అంది. కూరగాయలు కోయలేదు, పిండి కలపలేదు, పక్క దుకాణానికి వెళ్లలేదు. కాస్త లోతుగా అడిగితే, కత్తి తగులుతుందని, వీధిలో ఎవరైనా ఏమైనా అంటారని భయపడి ఎన్నడూ చేయనివ్వలేదని తేలింది. చేయలేకపోవడం వేరు, చేయనివ్వకపోవడం వేరు. ఆరో గుర్తు ఇందుకోసమే ఉంది. నెల తిరగకుండా ఆ అమ్మాయి చిక్కుళ్లు తుంచడం, పిండి కలపడం నేర్చుకుంది. దుకాణం దాకా వెళ్లడానికి ఇంకా సమయం పడుతుంది. ఆ ప్రేమలో తప్పు లేదు, ఆ ప్రేమకు కొంచెం ధైర్యం జతకావాలి.

నాలుగోది, అడగడమూ చూడటమూ రెండూ కావాలి. తల్లి రోజంతా చూస్తుంది, ఆమె మాటకు విలువ ఇవ్వాలి. అయినా ముఖ్యమైన పనులు మన కళ్లతోనూ చూడాలి. కొత్త మనిషిని చూసి బెదిరిన బిడ్డ మొదటిరోజు ఏమీ చేయకపోవచ్చు. అందుకే కనీసం రెండు మూడుసార్లు, వీలైతే ఒకసారి ఇంట్లో, ఒకసారి బడిలో చూడాలి. బిడ్డకు ఏది ఇష్టమో, దేనికి భయపడతాడో కూడా రాసుకోవాలి. మూర్ఛ మందులు వాడుతుంటే ఏ వేళ మత్తుగా ఉంటాడో అడగాలి.

ఎలా రాయాలి?

మదింపు అయ్యాక దాన్ని రాసే తీరులోనే దాని ఉపయోగం ఉంది. మా పాత ఫైళ్లలో ఇలాంటి వాక్యాలు ఉన్నాయి: "బాబు లెక్కల్లో బాగా వెనకబడి ఉన్నాడు. ఏకాగ్రత లేదు. తల్లిదండ్రులు శ్రద్ధ తీసుకోవాలి." వీటిని చదివిన ఉపాధ్యాయుడు రేపు ఉదయం ఏం చేయాలో తెలుసుకోలేడు.

పళ్ల బండి బాబు గురించి తరువాత రాసిన వాక్యాలు ఇవి: "1 నుంచి 10 వరకు నోటితో వరుసగా చెబుతాడు. 1 నుంచి 5 వరకు అంకెలు గుర్తిస్తాడు. మూడు వస్తువుల వరకు లెక్కపెట్టి ఇస్తాడు. నాలుగో వస్తువు నుంచి నోరు ముందుకు వెళ్తుంది, వేలు వెనకబడుతుంది. వేలు పట్టి ఒక్కో వస్తువును తాకిస్తే ఐదు దాకా సరిగా లెక్కపెడతాడు. ఇష్టమైన పని దగ్గర ఇరవై నిమిషాలు కూర్చుంటాడు. ఇంటి భాష ఉర్దూ."

ఈ వాక్యాల్లో తీర్పు లేదు, జాలి లేదు. ఎవరు చదివినా ఆ బాబు కనిపిస్తాడు. ఎక్కడ మొదలుపెట్టాలో, ఎలాంటి సాయం పనిచేస్తుందో తెలుస్తుంది. బిడ్డకు రానివాటికంటే ముందు వచ్చినవి రాయడం మంచి అలవాటు. వచ్చినదాని మీదే రానిదాన్ని నిలబెట్టాలి.

దీని నుంచి లక్ష్యం తనంతట తానే వచ్చింది. తండ్రి అరటిపళ్లు డజను లెక్కన అమ్ముతాడు. కాబట్టి ఏడాది చివరికి బాబు 12 పళ్లు ఎవరూ చెప్పకుండా లెక్కపెట్టి సంచిలో వేయాలి, ఐదుసార్లు అడిగితే నాలుగుసార్లు సరిగా రావాలి. మొదటి మూడు నెలల్లో 5, తరువాతి మూడు నెలల్లో 8, ఆపైన 12. ముందు విడి పళ్లు, తరువాత అత్తంలో ఉన్న పళ్లను వేలితో తాకుతూ.

ఏడాది తిరిగేసరికి విడి పళ్లు 12 లెక్కపెడుతున్నాడు. అత్తంలో మాత్రం రెండు వరుసలు చూసి ఇంకా తడబడుతున్నాడు. వాచకం చదవడం రాలేదు. మేము దీన్ని పెద్ద విజయంగా చెప్పుకోవడం లేదు. అయితే ఆ తండ్రి ఇప్పుడు విడి పళ్లు కొనేవారు వస్తే, "డజను కట్టు బేటా" అని సంచి కొడుకు చేతికిస్తున్నాడు. అంతకుముందు రెండేళ్ల నోటు పుస్తకాలు ఆ మాట అనిపించలేకపోయాయి.

మదింపు ఒక్కసారితో తీరేది కూడా కాదు. మూడు నెలలకోసారి అదే పట్టిక తీసి, ఏ పని ఏ గుర్తు నుంచి ఏ గుర్తుకు మారిందో చూడాలి. చేయి పట్టి చేయించే స్థితి నుంచి నోటితో చెబితే చేసే స్థితికి వస్తే అదీ ప్రగతే. ఏమీ మారకపోతే లోపం మన పద్ధతిలో ఉందేమో ముందు వెతకాలి. వైకల్యం ఉన్న ప్రతి విద్యార్థి ప్రగతినీ గమనిస్తూ ఉండాలని, బడి పిల్లల్లో వైకల్యం ఉన్నవారిని గుర్తించి వారి అవసరాలు తెలుసుకోవడానికి ఐదేళ్లకోసారి సర్వే జరపాలని 2016 చట్టం కూడా చెబుతోంది.

ఎక్కడికి వెళ్లాలి?

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సమగ్ర శిక్ష కింద మండలాల్లో భవిత కేంద్రాలు ఉన్నాయి. వాటిలో ప్రత్యేక విద్యలో శిక్షణ పొందిన రిసోర్స్ పర్సన్లు పనిచేస్తారు. కదలలేని పిల్లలకు ఇంటి వద్దే విద్య అందించే ఏర్పాటు కూడా ఉంది. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పనిచేసే జిల్లా సత్వర చికిత్సా కేంద్రాల్లో చిన్నపిల్లల ఎదుగుదల, చూపు, వినికిడి పరీక్షలు చేస్తారు. మేధోపరమైన వైకల్యానికి సికింద్రాబాద్ జాతీయ సంస్థ ఉంది. వినికిడి, మాట సమస్యలకు 1983లో ముంబయిలో స్థాపించిన జాతీయ సంస్థ హైదరాబాదులో పుట్టిన నవాబ్ అలీ యావర్ జంగ్ పేరుతో నడుస్తోంది, దాని ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాద్‌లో ఉంది. ఇన్ని ఉన్నా మన బస్తీ తల్లి అక్కడికి చేరలేకపోతోంది. ఒక రోజు పని మానుకుంటే ఆ రోజు కూలి పోతుంది, ఆటోకు డబ్బు కావాలి, ఏ కిటికీ దగ్గర నిలబడాలో చెప్పే మనిషి కావాలి. సొసైటీలాంటివి పూరించవలసిన ఖాళీ ఇదే.

దాతలకు మా విన్నపం

వీల్‌చైర్ ఇస్తే ఫోటో వస్తుంది. మదింపుకు ఫోటో రాదు. ఒక స్పెషల్ ఎడ్యుకేటర్ బిడ్డతో చాప మీద కూర్చొని గోళీలు ఆడుతున్న దృశ్యాన్ని సంచికలో వేస్తే చూసేవారికి అందులో సేవ కనిపించదు. అయినా కొలత తీసుకోకుండా ఇచ్చిన పెద్దల సైజు వీల్‌చైర్‌లో బిడ్డ పాదాలు ఆనక ఒక పక్కకు ఒరిగి కూర్చోవడం మేము చూశాం. వినికిడి పరీక్ష లేకుండా పంచిన మిషన్లు అలమరల్లో పడి ఉండటం చూశాం. అందుకే ఈ సంవత్సరం మీ సాయంలో కొంత భాగాన్ని వీటికి కేటాయించమని కోరుతున్నాం:

మొదట, ప్రతి బిడ్డకూ చూపు, వినికిడి పరీక్ష. రెండు, శిక్షణ పొందిన స్పెషల్ ఎడ్యుకేటర్ ప్రతి బిడ్డతో రెండు మూడుసార్లు కూర్చోవడానికి గౌరవ వేతనం. మూడు, తల్లి లేదా తండ్రికి రానుపోను ఖర్చు, ఆ రోజు కూలి. నాలుగు, మూడు నెలలకోసారి తిరిగి చూడటం.

ఇంకొక విన్నపం. మీరు సాయం చేసిన బిడ్డ గురించి మమ్మల్ని అడగండి. ఎంత ఖర్చయింది అనే ప్రశ్నతో పాటు ఈ నాలుగు ప్రశ్నలు వేయండి: మొదలుపెట్టిన రోజు ఆ బిడ్డకు ఏమి వచ్చు? ఎంత సాయంతో వచ్చు? ఇప్పుడు ఏమి మారింది? మారకపోతే మీరేమి మార్చారు? వీటికి మా దగ్గర రాతపూర్వకమైన జవాబు ఉండాలి. లేకపోతే నిలదీసే హక్కు మీకుంది. ఆ ప్రశ్నలు ముందే ఎవరైనా అడిగి ఉంటే పళ్ల బండి బాబుకు రెండేళ్లు మిగిలేవి.

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఇలాంటి బిడ్డ ఉంటే మరో చిన్న పని చేయండి. "వీడికేమీ రాదు" అన్న మాట వినిపించినప్పుడు ఒప్పుకోకుండా, "ఏమేమి వచ్చో చెప్పమ్మా" అని అడగండి. తల్లి కాసేపు ఆలోచిస్తుంది. తరువాత ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెడుతుంది. మదింపు అక్కడే మొదలవుతుంది.

ప్రతి బిడ్డకూ ఏదో ఒక శక్తిని ప్రసాదించిన అల్లాహ్ దాన్ని చూడగల చూపును మనకూ ప్రసాదించుగాక. మీ సాయాన్ని స్వీకరించి, అమానత్‌ను సరిగా నిర్వర్తించే బుద్ధిని మాకు ఇచ్చుగాక. ఆమీన్.